ప్రాణంతో పాటు దేహం మీద నమ్మకమూ దక్కాలి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషిని చూడటానికి వచ్చినవాళ్లలో చాలామంది ఒకే మాట అంటారు: ‘ప్రాణం దక్కింది, అదే పదివేలు.’ ప్రేమతో అనే మాటే. అబద్ధం కూడా కాదు. కానీ ఆ మాట విన్నాక ఆమె ఇక నోరు విప్పలేదు. స్నానాల గదిలో అద్దం వైపు చూడలేకపోతున్నానని, జాకెట్టు ఒక పక్క వేలాడుతోందని, భర్త పక్కన పడుకోవాలంటే ముడుచుకుపోతున్నానని ఎవరితో చెప్పుకోవాలి? చావు తప్పిందన్న కృతజ్ఞత లేకుండా అందం కోసం ఏడుస్తోందని అనుకుంటారేమోనన్న జంకు. డాక్టరు అడగరు, ఇంట్లోవాళ్లు ఆ ఊసెత్తరు, ఆమె చెప్పదు. గాయం మానుతుంది. ఆ దిగులు మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

దీన్ని ఆడవాళ్ల సిగ్గు కింద జమకట్టి వదిలేయడం పెద్ద పొరపాటు. రొమ్ము కోల్పోయిన స్త్రీ తన దేహాన్ని తాను ఎలా చూసుకుంటోందన్నది వైద్యంలో ఒక భాగం. ఆమె ఆసుపత్రికి ఎప్పుడు వస్తుంది, ఏ ఆపరేషన్‌కు ఒప్పుకుంటుంది, తిరిగి పనిలోకి, పేరంటాల్లోకి, నలుగురిలోకి వెళ్తుందా అన్నవన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. కాబట్టి దాని బాధ్యత ఆమె ఒక్కదాని ధైర్యం మీద మోపకూడదు. అది ఆసుపత్రిది, ప్రభుత్వానిది, కుటుంబానిది.

గడ్డను దాచేది ఈ భయమే

భారతదేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం రొమ్ము క్యాన్సర్‌దే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా ఈ జబ్బు బయటపడింది. సుమారు 98,000 మంది చనిపోయారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర దాదాపు పదేళ్లు ముందుగానే, నలభైల్లో, యాభైల్లో ఈ జబ్బు బారిన పడుతున్నవాళ్లు ఎక్కువ. అంటే పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఇంకా మిగిలి ఉన్న వయసు. ఆ వయసులో బతికి బయటపడితే ముందు ఇరవై, ముప్ఫై ఏళ్ల జీవితం ఉంటుంది. మారిన దేహంతో ఆ ఏళ్లన్నీ ఎలా గడపాలో చెప్పేవాళ్లే లేరు.

మన దగ్గర చాలామంది గడ్డ పెద్దదయ్యాక, చంకలోకి పాకాక, చర్మం పుండు పడ్డాక వస్తారు. నొప్పి లేదు కదా అని ఊరుకోవడం, డబ్బు లేకపోవడం, తోడు వచ్చేవాళ్లు లేకపోవడం, మగ డాక్టరు చూస్తారన్న సిగ్గు, ఇవన్నీ కారణాలే. వీటితో పాటు బయటికి చెప్పని కారణం ఇంకొకటి ఉంది: ‘వెళ్తే కోసేస్తారు.’ క్యాన్సర్ అనగానే రొమ్ము తీసేయడమే అన్న నమ్మకం బలంగా ఉన్నచోట, గడ్డ చేతికి తగిలిన స్త్రీ ప్రాణభయం కంటే ముందు ఆ కోతకు భయపడుతుంది. ఆకు పసర్లు కడుతుంది, తాయెత్తు కట్టించుకుంటుంది, పండగ వెళ్లాక చూద్దామంటుంది, కూతురి పెళ్లి అయ్యాక చెబుదామంటుంది. అలా గడిచిన నెలల్లో, చిన్న ఆపరేషన్‌తో పోయేది కాస్తా రొమ్మంతా తీయక తప్పని స్థితికి చేరుతుంది. ఏ భయంతో ఆమె దాచిందో ఆ భయాన్నే ఆలస్యం నిజం చేస్తుంది. ‘ముందు ప్రాణం, దేహం సంగతి తర్వాత’ అనేవాళ్లు ఇది గమనించాలి. దేహం గురించిన భయాన్ని ముందే తీర్చకపోతే ప్రాణం కాపాడే అవకాశమే చేజారిపోతోంది.

రొమ్మంతా తీయాల్సిందేనా?

1882లో అమెరికన్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ మొదలుపెట్టిన ఆపరేషన్‌లో రొమ్ముతో పాటు దాని కింది ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కూడా తీసేసేవారు. ఎంత ఎక్కువ కోస్తే అంత భద్రం అన్న నమ్మకం అది. దాదాపు తొంభై ఏళ్లు అదే రాజ్యమేలింది. ఆ నమ్మకాన్ని అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలోని మిలాన్‌లో ఉంబెర్టో వెరొనేసి పరీక్షకు పెట్టారు. తొలి దశలో ఉన్న స్త్రీలలో కొందరికి రొమ్మంతా తీశారు, కొందరికి గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చారు. ఇరవై ఏళ్ల పాటు గమనించి 2002లో ఇద్దరూ ఫలితాలు ప్రచురించారు. రెండు పద్ధతుల్లోనూ స్త్రీలు బతికిన కాలంలో తేడా లేదు. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడు రొమ్మును కాపాడుకోవడం ప్రాణంతో జూదమాడటం కాదని ఆ రోజే తేలిపోయింది. గడ్డ కాస్త పెద్దదైనా ముందు కీమో ఇచ్చి దాన్ని కుంచింపజేసి, తర్వాత రొమ్మును నిలుపుతూ ఆపరేషన్ చేసే వీలు ఇప్పుడు చాలామందికి ఉంది.

అయినా మన దగ్గర రొమ్మంతా తీయించుకునేవాళ్లే ఎక్కువ. ఆలస్యంగా రావడం ఒక కారణం. ‘ఉంచితే మళ్లీ వస్తుందేమో, తీసేయండి డాక్టర్ గారూ’ అనే కుటుంబాలు మరో కారణం. మూడో కారణం బస్సు చార్జీ, గది అద్దె. రొమ్మును ఉంచితే సాధారణంగా రేడియేషన్ తప్పదు. ఊళ్లలో ‘కరెంటు పెట్టించుకోవడం’ అనే ఈ చికిత్సకు పాత పద్ధతిలో వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు తిరగాలి. ఆదిలాబాద్ పల్లె నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికి, ఉత్తరాంధ్ర పల్లె నుంచి విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే కూలీ కుటుంబానికి ఐదు వారాలంటే ఇద్దరి కూలి డబ్బులు పోవడం, గది అద్దె, ఊళ్లో పిల్లల్ని చూసేవాళ్లు లేకపోవడం. ‘అంతా ఒకేసారి తీసేస్తే ఇంటికెళ్లిపోవచ్చు కదా’ అని ఆమె అనుకుంటే అది ఆమె కోరి ఎంచుకున్నట్టు కాదు.

ఈ లెక్క మారుతోంది. ఐదు వారాల రేడియేషన్‌ను మూడు వారాలకు కుదించవచ్చని రుజువై చాలా కాలమైంది. తొలి దశ రొమ్ము క్యాన్సర్‌లో వారం రోజుల్లో ఐదు విడతలుగా ఇచ్చినా ఫలితం తగ్గలేదని 2020లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం చూపింది. ఈ పొట్టి చికిత్సలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎంత విస్తరిస్తే, రోగి వెంట వచ్చినవాళ్లకు ఆసుపత్రి దగ్గర తలదాచుకునే చోటు ఎంత దొరికితే, పేద స్త్రీకి రొమ్మును నిలుపుకునే దారి అంత తెరుచుకుంటుంది. ఆమె దేహం గురించి మాట్లాడటమంటే రేడియేషన్ యంత్రాల గురించి, ధర్మశాలల గురించి మాట్లాడటం కూడా.

ఆపరేషన్ తర్వాతి రోజులు

కీమోతో జుట్టు ఊడినప్పుడు తెలుగు స్త్రీకి చెప్పుకోవడానికి ఒక మాట ఉంది: ‘తిరుపతి మొక్కు తీర్చుకున్నాను.’ గుండు మన దగ్గర భక్తికి గుర్తు; ఎవరూ రెండోసారి అడగరు. పైగా జుట్టు మళ్లీ వస్తుంది. రొమ్ముకు అలాంటి మాటేదీ లేదు, అది తిరిగి రాదు. అందుకే దాచుకోవడమే ఆమెకు రోజువారీ పని అవుతుంది. లోదుస్తుల్లో దూదో, మడిచిన గుడ్డో పెట్టుకుంటుంది. అది నిలవదు, బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తిన టీచరమ్మకు, వంగి ఇల్లు ఊడ్చే ఇల్లాలికి, పత్తి ఏరే కూలీకి అది జారిపోతుంది. పైట నిండా పిన్నులు పెట్టుకుంటుంది. కొలతలు తీసే దర్జీకి విషయం చెప్పాలి. చెబితే వీధంతా తెలుస్తుందేమోనని పాత జాకెట్లతోనే కాలం గడుపుతుంది. రొమ్ము పెద్దగా ఉన్నవాళ్లకు ఒకవైపే బరువు మిగిలి మెడ, భుజం, నడుము నొప్పి మొదలవుతుంది.

చంకలోని గ్రంథులన్నీ తీసిన తర్వాత చెయ్యి వాపు వచ్చే ప్రమాదం ఉంటుంది. దీన్నే లింఫెడిమా అంటారు. చంక గ్రంథులు పూర్తిగా తీసినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఇది వస్తుంది. జబ్బు ముందుగా చేరే ఒకటి రెండు గ్రంథులను మాత్రమే తీసి పరీక్షించే పద్ధతిలో ఈ ప్రమాదం చాలా తక్కువ. చెయ్యి వాచినామెకు గాజులు ఎక్కవు, రవిక చెయ్యి పట్టదు, నీళ్ల బిందె ఎత్తలేదు, నాట్లు వేయలేదు. రొమ్ము లేకపోవడాన్ని పైటతో కప్పుకోవచ్చు. గాజులు లేని చెయ్యిని పేరంటంలో అందరూ చూస్తారు. ‘ఏమైంది’ అని అడుగుతారని ఆమె పేరంటాలకే వెళ్లడం మానేస్తుంది.

వయసును బట్టి ఈ బాధ రూపం మారుతుంది. పెళ్లి కాని అమ్మాయికి భవిష్యత్తంతా మూసుకుపోయినట్టు అనిపిస్తుంది. పాలిచ్చే వయసులో ఉన్నామెకు బిడ్డ ముందు తాను సగమైనట్టు ఉంటుంది. నలభైలో ఉన్నామెకు కీమోతో నెలసరి ఒక్కసారిగా ఆగి, ఒంట్లో వేడి ఆవిర్లు, నిద్ర లేమి, శరీర సంబంధం మీద విముఖత అన్నీ కలిసి వస్తాయి. ఇక అరవై దాటినామెతో ‘ఈ వయసులో ఇంకెందుకమ్మా’ అంటారు. ఆ మాట కన్నా కఠినమైనది లేదు. తన దేహం మీద మనిషికి ఉండే మమకారానికి పదవీ విరమణ వయసు ఉండదు.

ఇంట్లో మాట

క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఈ ముక్క ఇంకా గట్టిగా చెప్పాల్సి రావడం విచారకరం. కంచం, గ్లాసు వేరు చేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తల్లికి ఈ జబ్బు అని తెలిస్తే కూతురికి సంబంధం రాదని ఆపరేషన్ సంగతి బంధువుల దగ్గర దాచే కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఆమె మచ్చ ఇంటి పరువుకు సంబంధించిన రహస్యం అవుతుంది. తన దేహాన్ని తాను దోషిలా చూసుకోవడం అక్కడి నుంచే మొదలవుతుంది.

భర్తల సంగతీ న్యాయంగా చూడాలి. వదిలేసినవాళ్లు, ఎత్తిపొడిచినవాళ్లు ఉన్నారు. వారిని సమర్థించే మాటే లేదు. కానీ చాలామంది భర్తలు దూరంగా ఉండేది అసహ్యంతో కాదు. ముట్టుకుంటే నొప్పి పుడుతుందేమో, ఈ సమయంలో దగ్గరవడం స్వార్థమేమో అన్న సంకోచంతో. ఆ దూరాన్ని ఆమె అసహ్యంగా చదువుకుంటుంది. ఆమె ముడుచుకుపోవడాన్ని అతను అయిష్టంగా చదువుకుంటాడు. ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉండి కూడా ఒకే మంచం మీద వేరువేరుగా బతుకుతారు. కౌన్సెలర్ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడితే తీరే చిక్కు ఇది. ‘ఎప్పటి నుంచి దగ్గరవ్వచ్చు, దానివల్ల జబ్బుకు ఏమీ కాదు’ అని డాక్టరు తమంతట తామే చెబితే సగం భారం దిగుతుంది. ఆ ప్రశ్న రోగి అడగాలని ఎదురు చూడకూడదు. మన సమాజంలో ఆమె అడగదు.

దారి ఒకటే కాదు

రొమ్ము తీసేసినా తిరిగి నిర్మించే వీలుంది. సిలికాన్ ఇంప్లాంటుతో చేయవచ్చు. వీపు కండరాన్నో, పొత్తికడుపు కొవ్వునూ చర్మాన్నో వాడి చేయవచ్చు. కొందరికి తొలగించే రోజునే, కొందరికి చికిత్సలన్నీ ముగిశాక చేస్తారు. రేడియేషన్ అవసరమా, మధుమేహం ఉందా, పొగ తాగే అలవాటుందా అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. ఇది సుదీర్ఘమైన ఆపరేషన్, కోలుకోవడానికి సమయం పడుతుంది, కొత్త రొమ్ములో మునుపటి స్పర్శ ఉండదు. ఇవన్నీ దాచకుండా చెప్పి, ఆమెనే నిర్ణయించుకోనివ్వాలి.

ఆపరేషన్ మళ్లీ వద్దనుకునేవారికి లోదుస్తుల్లో అమర్చుకునే కృత్రిమ రొమ్ము ఉంది. బరువు, ఆకారం సరిపోయే సిలికాన్‌వి దొరుకుతాయి. మన ఎండలకు తేలికగా ఉండే నూలు అల్లికవీ ఉన్నాయి. జాకెట్టు లోపల చిన్న జేబు కుట్టిస్తే అది జారదు. ఇంత చిన్న సంగతి కూడా చెప్పేవాళ్లు లేక ఏళ్ల తరబడి దూదితో గడిపే స్త్రీలు ఉన్నారు.

ఏదీ వద్దు, చదునుగానే ఉంటాను అనే హక్కు కూడా ఆమెదే. అమెరికన్ కవయిత్రి ఆడ్రీ లార్డ్ 1978లో రొమ్ము తొలగించుకున్నాక కృత్రిమ రొమ్ము పెట్టుకోవడానికి ఒప్పుకోలేదు. అది లేకుండా డాక్టరు దగ్గరికి వెళ్తే, పెట్టుకుని రావాలని, లేకుంటే ఇక్కడికి వచ్చేవాళ్ల మనోధైర్యం దెబ్బతింటుందని నర్సు అన్నదట. 1980లో వచ్చిన ‘ది క్యాన్సర్ జర్నల్స్’లో లార్డ్ ఆ సంగతి రాశారు. ఎదుటివాళ్ల కళ్లకు ఇబ్బంది కలగకూడదని తాను మునుపటిలా కనిపించాలా అన్నది ఆమె ప్రశ్న. మనమూ ఆ ప్రశ్న వేసుకోవాలి. పునర్నిర్మాణాన్ని అందనివ్వకపోవడం ఎంత తప్పో, ‘చేయించుకో, లేకపోతే బాగుండదు’ అని ఒత్తిడి చేయడమూ అంతే తప్పు.

మన దగ్గరా కొందరు నోరు విప్పారు. నటి గౌతమి ముప్ఫై ఐదేళ్ల వయసులో వచ్చిన రొమ్ము క్యాన్సర్ గురించి బహిరంగంగా మాట్లాడారు, రోగుల కోసం లైఫ్ అగైన్ ఫౌండేషన్ పెట్టారు. 2021 డిసెంబరులో నటి హంసానందిని గుండుతో ఉన్న ఫొటో పెట్టి తన జబ్బు సంగతి చెప్పారు. తల్లిని అదే జబ్బుకు పోగొట్టుకున్న మనిషి ఆమె. రచయిత్రి, దర్శకురాలు తాహిరా కశ్యప్ తన వీపు మీది ఆపరేషన్ మచ్చ కనిపించే ఫొటోను 2019లో ప్రపంచ క్యాన్సర్ దినాన లోకానికి చూపించారు. రూపమే జీవనాధారమైన సినిమా రంగం నుంచి వచ్చిన ఈ మాటలకు విలువ ఉంది. అయితే మంచి వైద్యం, అండగా నిలిచే మనుషులు ఉన్నవారి ధైర్యాన్ని చూపించి, అవేవీ లేని స్త్రీని ‘నువ్వూ ధైర్యంగా ఉండు’ అనడం న్యాయం కాదు. ధైర్యానికీ కాస్త ఆసరా కావాలి.

చేయవలసినవి

కాలు పోయినవారికి జైపూర్ కాలు పెడితే అది సోకు అని ఎవరూ అనరు. రొమ్ము విషయంలోనే ఆ మాట వస్తుంది. ఆరోగ్య బీమా నియమాలు ఇక్కడ సమాజం కంటే ముందున్నాయి. అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి బీమా వర్తించదని చెప్పే ప్రామాణిక నిబంధనలోనే ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణానికి మినహాయింపు ఉందని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ స్పష్టం చేసింది. సొంత పాలసీ ఉన్నవాళ్లు ఇది తెలుసుకోవాలి. ‘కాస్మెటిక్’ అని క్లెయిమ్ తోసిపుచ్చితే ఈ నిబంధన చూపించాలి. అమెరికాలో 1998 నాటి చట్టం ఇంకాస్త ముందుకెళ్లింది. రొమ్ము తొలగింపుకు డబ్బు చెల్లించే బీమా సంస్థ పునర్నిర్మాణానికి, రెండో రొమ్మును సరిచేయడానికి, కృత్రిమ రొమ్ముకు, చెయ్యి వాపు చికిత్సకు కూడా చెల్లించాలని శాసించింది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు క్యాన్సర్ ఆపరేషన్‌ను, కీమోను, రేడియేషన్‌ను అందుబాటులోకి తెచ్చిన పథకం. రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని ఇంకో మెట్టు ఎక్కించాలి. రొమ్ము తొలగించిన ప్రతి స్త్రీకీ డిశ్చార్జి రోజున కృత్రిమ రొమ్ము, దానికి తగిన లోదుస్తులు ఉచితంగా ఇవ్వాలి. స్వయం సహాయక సంఘాల మహిళలే నూలువి అల్లగలరు, జేబు జాకెట్లు కుట్టగలరు. చెయ్యి వాపు రాకుండా చేసే వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టు, వాపు వస్తే వేసుకునే బిగుతు తొడుగు ప్యాకేజీలో భాగం కావాలి. పునర్నిర్మాణం ఎవరికి అవసరమో సర్జన్ల బృందం ముందే చర్చించి రోగి పత్రాల్లో రాయాలి.

ఖర్చు లేనివీ ఉన్నాయి. తన దేహం గురించి రోగి ఏమనుకుంటోందో తెలుసుకోవడానికి 2001లో పెనెలోప్ హాప్‌వుడ్ బృందం పది ప్రశ్నల కొలమానం తయారు చేసింది. తెలుగులో దాన్ని ప్రతి ఫాలోఅప్‌లో అడగడానికి పట్టేది కొద్ది నిమిషాలే. అమెరికాలో 1952లో రొమ్ము ఆపరేషన్ అయిన టెరీస్ లాసర్ అదే ఆపరేషన్ అయిన ఇతర స్త్రీలను ఆసుపత్రికే వెళ్లి పలకరించడం మొదలుపెట్టారు. ‘రీచ్ టు రికవరీ’ పేరుతో అది ఎన్నో దేశాలకు పాకింది. మన ప్రతి క్యాన్సర్ వార్డులోనూ వారానికో రోజు, చికిత్స పూర్తయిన ఒక స్త్రీ వచ్చి కొత్త రోగి పక్కన కూర్చుంటే చాలు. వంద కరపత్రాలు చేయలేని పని అది చేస్తుంది. ముప్ఫై దాటిన స్త్రీలకు పరీక్షల కోసం ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త ‘గడ్డ ఉంటే చూపించుకోండి’ అనడంతో ఆగకుండా ‘తొందరగా వస్తే రొమ్ము తీయకుండానే నయం చేయవచ్చు’ అని కూడా చెప్పాలి. రొమ్ము క్యాన్సర్ అవగాహన కోసం ఏటా అక్టోబరులో భవనాలకు గులాబీ రంగు దీపాలు వేయడం మంచిదే. ఈ ఒక్క వాక్యం ప్రతి ఊరికీ చేరడం అంతకంటే మంచిది.

చివరగా, మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు బయటపడితే ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు డాక్టరును నాలుగు ప్రశ్నలు తప్పక అడగండి. రొమ్ము ఉంచి గడ్డ మాత్రమే తీయడం కుదురుతుందా? తీయక తప్పదంటే తిరిగి నిర్మించే వీలుందా, ఎప్పుడు? చంక గ్రంథులన్నీ తీయాలా? చెయ్యి వాపు రాకుండా మేమేం చేయాలి? ఇవి అడగడం డాక్టరును శంకించడం కాదు, మీ హక్కు. ఆ తర్వాత ఆమెను కూడా అడగండి, నీకేం కావాలని. ఆమె చెప్పేది పూర్తిగా వినండి. నిర్ణయం ఆమెకే వదిలి, దానికి అండగా నిలబడండి.